సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోవట్లేదా? క్రాంక్ సిగ్నల్ ఎక్కడ ఆగిపోయిందో ఇలగ పట్టుకోండి

సెల్ఫ్ కొడితే ఇంజిన్ జోరుగానే తిరుగుతుంది, బ్యాటరీ బాగుంది, ట్యాంకులో పెట్రోల్ ఉంది, అయినా అందుకోదు. లేదంటే పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒక్క టచ్‌కే స్టార్ట్ అవుతుంది, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతుంటే సగంలో స్విచ్ ఆపినట్టు టక్కున ఆగిపోతుంది, అరగంట ఆగి చూస్తే మళ్ళీ ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఒడిశాలో కోరాపుట్, జయపురం, రాయగడ వైపు కారు నడిపేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. మన దగ్గర ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి, వానాకాలంలో ఎర్ర మట్టి నీళ్ళు, కోతలయ్యాక ఎలకలు, ఈ మూడూ కలిసి దెబ్బ కొట్టేది ఎక్కువగా ఒకే చోట, అదే క్రాంక్ సెన్సర్ లైన్ మీద.

ఈ సిగ్నల్ ఏటంటే, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దగ్గర్నుంచి వచ్చి, ఇంజిన్ ఎంత స్పీడుగా తిరుగుతుందో, పిస్టన్ ఏ పొజిషన్‌లో ఉందో ఈసీఎంకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, చెప్పే పల్స్. క్రాంక్ పుల్లీ దగ్గరో ఫ్లైవీల్ దగ్గరో ఒక పళ్ళ చక్రం ఉంటుంది, దాని ఎదురుగా సెన్సర్. బాష్ సిస్టం ఉన్న చాలా కార్లలో 60 పళ్ళ లెక్కలో 2 తీసేసి 58 ఉంచుతారు, అంటే ఒక్కో పన్నుకి 6 డిగ్రీలు, ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఈసీఎం "ఇదిగో ఇక్కడి నుంచి లెక్క" అని మొదలు పెడుతుంది. ఆ పల్స్ రాకపోతే ఈసీఎం దృష్టిలో ఇంజిన్ అసలు తిరగట్లేదు, అందుకని ఇగ్నిషన్ కాయిల్‌కి కరెంట్ ఇవ్వదు, ఇంజెక్టర్ తెరవదు, పెట్రోల్ పంపుని కూడా ఆపేస్తుంది. మూడూ ఒకేసారి పోయాయంటే మీ చూపు ముందు ఈ లైన్ మీదకే పోవాలి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. స్కానర్ (ఈసీఎంలోని తప్పుల కోడ్లు చదివే మెషీన్) పెట్టగానే పీ 0335 అని కోడ్ వస్తుంది, వెంటనే "సెన్సర్ పోయింది, మార్చేయాలి" అంటారు. ఆ కోడ్ చెప్పేది సెన్సర్ పోయిందని కాదు, సిగ్నల్ ఈసీఎం దాకా రాలేదని. సెన్సర్ నుంచి ఈసీఎం దాకా మధ్యలో కప్లర్ (వైర్లు కలిపే కనెక్టర్) ఉంది, వైరు ఉంది, ఎర్త్ ఉంది, 5 వోల్టుల సప్లై ఉంది, అవతల పళ్ళ చక్రం ఉంది, వీటిలో ఏది పోయినా అదే కోడ్ రావచ్చు. మన ఊళ్ళలో సెన్సర్ కావాలంటే విజయనగరం నుంచో విశాఖ నుంచో బస్ పార్సిల్‌లో తెప్పించుకోవాలి, ఆ డబ్బూ ఆ రోజులూ పెట్టాక కూడా బండి అలాగే ఉంటే ఇంట్లో ఎంత బాధో నేను షెడ్డులో చూస్తూనే ఉంటాను. అందుకే కొనే ముందు కొలవండి.

రోడ్డు మీద ఆగిపోతే ముందు ఇది

ఘాట్‌లో ఇంజిన్ ఆగిందంటే స్టీరింగ్ బరువెక్కిపోతుంది, బ్రేకు ఒకట్రెండు తొక్కుళ్ళ వరకే మెత్తగా పడుతుంది, తర్వాత రాయిలా అయిపోతుంది. కాబట్టి పదే పదే తొక్కకుండా ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకుని పక్కకి తీసి హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్ళు పెట్టండి. విజయనగరం, రాయపూర్ రోడ్డు, అదే పాత 43 నంబరు, ఇప్పుడు 26, దాని మీద రాత్రీ పగలూ లోడు లారీలు దిగుతూనే ఉంటాయి, మలుపులో ఆగితే ట్రయాంగిల్ బాగా వెనక్కి పెట్టండి.

డౌన్ ఉంది కదా అని న్యూట్రల్‌లో దొర్లించి గేరు వేసి స్టార్ట్ చేద్దాం అనుకోవద్దు, దయచేసి. సిగ్నల్ రాని బండి దొర్లించినా స్టార్ట్ అవ్వదు, పైగా బ్రేకు బూస్టర్ లేకుండా ఘాట్ దిగడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే.

తర్వాత నిదానంగా నాలుగు విషయాలు చూడండి. కీ ఆన్ చేసినప్పుడు వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు "జ్జ్" మంటుందా? ఇది మామూలుగా క్రాంక్ సిగ్నల్ లేకపోయినా వస్తుంది, వచ్చిందంటే రిలే, ఫ్యూజు, పంపు వరకు ఫర్వాలేదు. మీటర్లో తాళం గుర్తు గబగబా మెరుస్తుందా? అలాగైతే ఇమ్మొబిలైజర్ (దొంగ కీతో స్టార్ట్ అవ్వనివ్వని తాళం) గొడవ, వేరే కీతో చూడండి, సెన్సర్ జోలికి పోనక్కర్లేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొద్దిగానైనా కదులుతుందా? అసలు కదలకపోతే సిగ్నల్ లేదని అనుమానం, అయితే కొన్ని కొత్త బండ్లలో సిగ్నల్ ఉన్నా క్రాంకింగ్‌లో ముల్లు లేవదు కాబట్టి ఇదొక్కటే నమ్మి తీర్పు ఇచ్చేయకండి. నాలుగోది, సెల్ఫ్ చప్పుడు ఎప్పటిలా ఆగి ఆగి బరువుగా ఉందా, లేకపోతే గిర్రున తేలిగ్గా తిరుగుతుందా? తేలిగ్గా తిరిగితే టైమింగ్ బెల్ట్ (క్రాంక్‌తో కలిపి వాల్వుల్ని ఆడించే బెల్టు) తెగిందేమో అని భయపడాలి, ఇంక సెల్ఫ్ కొట్టొద్దు, వాల్వులు వంగిపోవచ్చు.

వేడికి ఆగిన బండి అయితే, సెన్సర్ మీకు కనపడి చెయ్యి అందే చోట ఉంటే, బాటిల్లో నీళ్ళు సెన్సర్ ఒంటి మీద మాత్రమే కొంచెం కొంచెంగా పోసి చూడండి, ఎగ్జాస్ట్ మీద పడకూడదు. వెంటనే స్టార్ట్ అయిందంటే దాదాపు దొరికినట్టే. కానీ పెట్రోల్ పంపు వేడెక్కినా ఇలాగే ఆగి చల్లారాక స్టార్ట్ అవుతుంది, అందుకని ప్లగ్గుకి కరెంట్ ఉందా లేదా అన్నది తేలకుండా పంపు మీదకో సెన్సర్ మీదకో నేరం వెయ్యొద్దు.

షెడ్డులో, లేదా ఇంటి ముందు

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. ఒక మంచి డిజిటల్ మల్టీమీటర్, స్పార్క్ టెస్టర్, ఫోన్‌కి కలిసే ఓబీడీ (కారు కోడ్లు చదివే సాకెట్) బ్లూటూత్ డాంగిల్ ఒకటి, సన్న గుండుసూదులు, టార్చి. బీఎస్ 4 (పొగ నియమాల) కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ 2 ఉండాలని రూలు వచ్చింది, కాబట్టి ఆ తర్వాతి కార్లలో ఎక్కువ భాగం మామూలు డాంగిల్‌కే చదువుతాయి.

బ్యాటరీతో మొదలుపెట్టండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కిందకి పడకూడదు. పడితే ఈసీఎం మధ్యలో రీసెట్ అయి మీకు లేనిపోని కోడ్లు చూపిస్తుంది, ముందు బ్యాటరీ, టెర్మినళ్ళు, ఇంజిన్ ఎర్త్ తీగ సంగతి చూశాకే మిగతాది.

ఇప్పుడు డాంగిల్ పెట్టి లైవ్ డేటాలో ఆర్‌పీఎం తెరిచి సెల్ఫ్ కొట్టించండి. 150 నుంచి 250 మధ్య నికరంగా కనిపిస్తే సిగ్నల్ వస్తున్నట్టే, మీ రోగం ఇంకోటి, ఇక్కడితో ఈ దారి వదిలేయండి. సున్నా ఉంటే మనం వెతుకుతున్నది ఇదే. ఒకసారి 180, ఒకసారి 900, మళ్ళీ సున్నా అని ఎగిరితే సిగ్నల్ తెగి తెగి వస్తుంది, అప్పుడు వైరు, గ్యాపు, పళ్ళ చక్రం మీద ఎక్కువ అనుమానం పెట్టాలి. కోడ్లలో పీ 0335 అంటే సర్క్యూట్, పీ 0336 అంటే సిగ్నల్ వస్తుంది గానీ తేడాగా ఉంది, పీ 0339 అంటే మధ్య మధ్యలో పోతుంది, పీ 0340 క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సెన్సర్ సర్క్యూట్. క్యామ్ ఒక్కటే పోతే చాలా కార్లు సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టించుకునైనా స్టార్ట్ అవుతాయి, క్రాంక్ పోతే మాత్రం చాలావరకు మొండికేస్తాయి.

స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్ వైరు పీకి బాడీకి దగ్గరగా పట్టుకునే పాత పద్ధతి వద్దు, ఇప్పటి కాయిళ్ళకి అది మంచిది కాదు, మీ చేతికీ మంచిది కాదు. స్పార్క్ టెస్టర్ వాడండి, ఇంజెక్టర్ కప్లర్లు తీసేయండి, లేకపోతే సిలిండర్లో పెట్రోల్ నిండి ప్లగ్గులు తడుస్తాయి, మండని పెట్రోల్ వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టర్ పాడు చేస్తుంది. సెల్ఫ్ ఒక్కో దఫా పది సెకన్లు దాటించొద్దు, మధ్యలో దానికి ఊపిరి ఇవ్వండి.

సెన్సర్ ఏ రకమో తెలుసుకోండి, కొలత దాన్ని బట్టే

కప్లర్ తీసి చూస్తే రెండు పిన్నులుంటే ఎక్కువగా కాయిల్ రకం, మూడుంటే ఎక్కువగా హాల్ రకం. అయితే కాయిల్ సెన్సర్లోనే షీల్డు (వైర్ల మీద కప్పిన లోహపు తొడుగు) కోసం మూడో పిన్ను ఉన్నవీ ఉన్నాయి, కాబట్టి మీ మోడల్ వైరింగ్ బొమ్మ దగ్గర పెట్టుకుంటే నిశ్చింత.

కాయిల్ రకానికి బయట నుంచి కరెంట్ అక్కర్లేదు, లోపల అయస్కాంతం, దాని చుట్టూ సన్న తీగ, పన్ను దాటినప్పుడల్లా తనే ఏసీ కరెంట్ (అటూ ఇటూ మారే కరెంట్) పుట్టిస్తుంది. కప్లర్ తీసి రెండు పిన్నుల మధ్య ఓంలు చూడండి, మామూలుగా కొన్ని వందల నుంచి వెయ్యి చిల్లర దాకా ఉంటుంది, మీ కారుకి సరైన అంకె మాన్యువల్లో ఉంటుంది. మీటర్ ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగింది, సున్నా దగ్గర ఉంటే షార్ట్. ఒక్కో పిన్ను నుంచి ఇంజిన్ బాడీకి కూడా చూడండి, అక్కడ అసలు కనెక్షన్ ఉండకూడదు. తర్వాత మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి సెల్ఫ్ కొట్టించండి, చాలా కార్లలో కనీసం అర వోల్టు పైన రావాలి. ఓంలు బాగున్నా ఏసీ బాగా తక్కువ వస్తే సెన్సర్ పళ్ళకి దూరంగా ఉంది, లేదా కొనకి ఇనుప పొడి పట్టింది.

వేడికి ఆగే బండి దగ్గర చల్లటి సెన్సర్‌కి ఓంలు కొలిచి "బాగుంది" అని చెప్పడం వల్ల ఏ ఉపయోగం లేదు, ఇది చాలామంది చేసే పని కాబట్టి చెప్తున్నాను. సెన్సర్ బయటికి తీసి, మీటర్ పిన్నులు తగిలించి ఉంచే, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చెయ్యండి. రాగి తీగ కాబట్టి వేడికి ఓంలు కొద్దికొద్దిగా పెరగడం సహజం, అలా పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారిగా అంకె ఎగిరిపోయి మీటర్ ఓపెన్ చూపించిందంటే, చల్లారగానే మళ్ళీ మామూలు అంకెకి వచ్చేసిందంటే, ఘాట్‌లో మిమ్మల్ని ఆపింది అదే.

హాల్ రకానికి ఓంలు కొలవొద్దు, లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది, ఆ అంకెకి అర్థం ఉండదు. దీనికి మూడు కావాలి, సప్లై, ఎర్త్, సిగ్నల్. కప్లర్ విప్పి కీ ఆన్ చేసి హార్నెస్ (వైర్ల కట్ట) వైపు చూడండి. ఒక పిన్నులో 5 గానీ 12 గానీ వోల్టులు రావాలి. ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య చూస్తే పూర్తి బ్యాటరీ వోల్టేజీ రావాలి. మూడోది సిగ్నల్, ఈసీఎం నుంచి చాలా కార్లలో దానికి 5 వోల్టులు వస్తుంది. మూడూ ఉన్నాయంటే వైరింగ్ చాలావరకు బాగున్నట్టే.

ఇప్పుడు కప్లర్ తిరిగి పెట్టి, సెన్సర్‌ని మాత్రం బోల్ట్ విప్పి బయటికి తియ్యండి. కప్లర్ వెనక నుంచి గుండుసూది దూర్చి సిగ్నల్ వైరు మీద మీటర్ పెట్టి, కీ ఆన్‌లో ఉంచి, సెన్సర్ మూతి ముందు నుంచి ఒక స్పానర్ అంచుని అటూ ఇటూ మెల్లగా దాటించండి. లోపల అయస్కాంతం ఉన్న సెన్సర్ అయితే దాటినప్పుడల్లా 5 నుంచి సున్నాకి, సున్నా నుంచి 5కి టక్కుటక్కున మారుతుంది. అలా మారితే సెన్సర్ బతికే ఉంది. సెన్సర్ మంచిదా కాదా అని కళ్ళారా చూపించే టెస్టు ఇది, ఖరీదైన మెషీన్ ఏదీ అక్కర్లేదు, బండి ఓనర్‌ని పక్కన నిలబెట్టి చూపిస్తే ఆయనకీ నమ్మకం కుదురుతుంది.

మీ మీటర్లో హెర్ట్జ్ ఉంటే ఇంకా మంచిది. 58 పళ్ళ చక్రం నిమిషానికి 200 చుట్లు తిరిగితే సెకనుకి సుమారు 193 పల్సులు రావాలి, క్రాంకింగ్‌లో ఆ చుట్టుపక్కల అంకె నికరంగా నిలబడితే సెన్సరూ చక్రమూ రెండూ పాస్.

సప్లై 5 వోల్టులు రాకపోతే

చాలా షెడ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. 5 వోల్టులు లేవు కదా అని వెంటనే ఈసీఎం పోయిందంటారు, వేలకి వేలు ఖర్చు చెప్తారు. ఈసీఎం ఇచ్చే 5 వోల్టుల లైన్ ఒక్క క్రాంక్ సెన్సర్‌కే కాదు, కొన్ని కార్లలో మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి కొలిచేది), కూలింగ్ ఏసీ ప్రెజర్ సెన్సర్, థ్రాటిల్, ఇలాంటి మరికొన్నిటికి అదే లైన్ పోతుంది. వాటిలో ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా అందరి 5 వోల్టులు కింద పడిపోతాయి, అంటే ఎక్కడో రేడియేటర్ ముందున్న ఏసీ ప్రెజర్ సెన్సర్లో నీళ్ళు దిగితే మీ ఇంజిన్ స్టార్ట్ అవ్వదు! మీటర్‌ని సప్లై పిన్ను మీద అలాగే ఉంచి, కీ ఆపి ఒక్కో సెన్సర్ కప్లర్ విప్పుతూ, మళ్ళీ కీ ఆన్ చేసి చూస్తూ పోండి. ఏది విప్పగానే 5 తిరిగి వచ్చిందో దొంగ అదే. అన్నీ విప్పినా రాకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతుంది, లేదా ఈసీఎంకి వచ్చే ఫ్యూజు, మెయిన్ రిలే, ఎర్త్ చూడాలి. సెన్సర్ 12 వోల్టులది అయితే ఇంకా సుళువు, ఫ్యూజు, రిలే వరకు వెనక్కి వెళ్ళడమే.

సిగ్నల్ వైరుకి మీరు ఎప్పుడూ బ్యాటరీ నుంచి 12 వోల్టులు తగిలించొద్దు, పాత ఫిలమెంట్ బల్బు టెస్ట్ ల్యాంప్ కూడా ఈసీఎం వైర్ల మీద వాడొద్దు.

వైరు

సెన్సర్ కప్లర్ నుంచి ఈసీఎం కప్లర్ దాకా, రెండు వైపులా విప్పి, ఒక్కో వైరు కంటిన్యుటీ చూడండి, వైర్లు ఒకదానికొకటి, బాడీకి తగులుతున్నాయేమో కూడా చూడండి. మీటర్ కట్టి ఉంచి హార్నెస్‌ని చేత్తో కదిలిస్తూ రండి, బ్యాటరీ ట్రే కింద, గేర్‌బాక్స్ బ్రాకెట్ ఒరుసుకునే చోట, ఎగ్జాస్ట్ పక్కన. మన వైపు వరి కోతలయ్యాక ఎలకలు ఇళ్ళలోకి, బండ్లలోకి వస్తాయి, ఇంజిన్ మీద గడ్డి పోచలు, పెంకులు కనిపిస్తే ఆ చుట్టుపక్కల టేపు విప్పి చూడాల్సిందే. వానాకాలం అయితే కప్లర్లో పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, పిన్ను వదులైతే బిగించి, లోపలి రబ్బరు సీలు చిరిగిందేమో చూడండి, సీలు లేకపోతే వచ్చే వానకి మళ్ళీ అదే కథ.

తెగిన వైరుకి మెలిపెట్టి టేపు చుట్టి వదిలెయ్యొద్దు. టంకం పెట్టి హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, అసలు వైర్లు ఎలా మెలితిరిగి ఉన్నాయో అలాగే మెలి వెయ్యండి, షీల్డు ఉంటే అది అంతకుముందు ఎటువైపు ఎర్త్ అయిందో అటే ఉండాలి. కాయిల్ రకంలో రెండు వైర్లు అటూ ఇటూ మారితే సిగ్నల్ తలకిందులై బండి స్టార్ట్ అవ్వకపోవచ్చు, స్టార్ట్ అయినా టైమింగ్ తేడాగా నడవచ్చు, కాబట్టి రంగులు రాసి పెట్టుకోండి. ఈ సెన్సర్ వైర్లని ప్లగ్ వైర్లకి, ఇగ్నిషన్ కాయిల్‌కి ఆనించి లాగొద్దు.

పళ్ళ చక్రం, గ్యాపు

క్లచ్ పని చేయించాక మొదలైన కంప్లైంట్ అయితే నేరుగా ఇక్కడికే రండి. సెన్సర్ బోల్ట్ సరిగ్గా కూర్చోకపోవడం, గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు పన్ను వంగడం, వేరే మోడల్ ఫ్లైవీల్ వెయ్యడం, ఇవన్నీ జరిగేవే. సెన్సర్ తీసిన కంతలోంచి టార్చి వేసి, ప్లగ్గులు తీసేసి, క్రాంక్ పుల్లీ బోల్ట్‌కి స్పానర్ పెట్టి ఇంజిన్ తిరిగే దిక్కులోనే నిదానంగా తిప్పుతూ ఒక్కో పన్ను చూడండి. 58 పళ్ళ చక్రంలో అయితే పళ్ళు లేని ఖాళీ చుట్టుకి ఒకేసారి రావాలి, రెండుసార్లు వస్తే ఒక పన్ను విరిగినట్టు. సెన్సర్‌కీ పన్నుకీ మధ్య గ్యాపు చాలా కార్లలో అర మిల్లీమీటర్ నుంచి ఒకటిన్నర దాకా ఉంటుంది, కింద వాషర్ వేసి సర్దడాలు వద్దు.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బండి అయితే ముందు క్యాప్ తీసి సెల్ఫ్ కొట్టించి రోటర్ తిరుగుతుందో లేదో చూడండి, తిరగకపోతే టైమింగ్ బెల్ట్ తెగిందేమో చూడండి, ఇంక సెల్ఫ్ కొట్టొద్దు. తిరిగితే లోపలున్న పికప్ కాయిల్‌కి పైన చెప్పిన ఓంల టెస్టు, వేడి టెస్టు అలాగే చెయ్యొచ్చు. కామన్ రైల్ డీజిల్ బండ్లకి ఇగ్నిషన్ లేకపోయినా క్రాంక్ సిగ్నల్ లేకుండా ఇంజెక్టర్ తెరవదు కాబట్టి సెన్సర్ కొలతలు వాటికీ ఇవే.

ఈసీఎం పిన్ను దగ్గర కూడా పల్స్ చక్కగా వస్తూ, స్కానర్లో ఆర్‌పీఎం సున్నా ఉంటే, అప్పుడు మాత్రమే ఈసీఎం సప్లైలు, ఎర్త్‌లు, కప్లర్ పిన్నులు చూసి, ఆఖర్న ఈసీఎం గురించి ఆలోచించండి.

కొత్త సెన్సర్ వేసేటప్పుడు కూర్చునే చోటు శుభ్రంగా తుడిచి, ఓ రింగుకి కొంచెం ఇంజిన్ ఆయిల్ రాసి చేత్తో నొక్కండి, బోల్ట్‌తో లాగి కూర్చోబెడితే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది. కోడ్లు తుడిచి, కొన్ని మోడళ్ళకి స్కానర్‌తో క్రాంక్ లెర్న్ (కొత్త సెన్సర్ సిగ్నల్‌ని ఈసీఎంకి అలవాటు చెయ్యడం) చెయ్యాలి, అది చెయ్యకపోతే మళ్ళీ కోడ్ పలకరించవచ్చు. ఓనర్‌కి బండి ఇచ్చే ముందు బాగా వేడెక్కేదాకా నడిపి, ఘాట్ ఒకసారి ఎక్కించి, పైన ఇంజిన్ ఆపి, బోనెట్ మూసే ఉంచి పది నిమిషాలయ్యాక సెల్ఫ్ కొట్టండి, ఆపిన తర్వాతే ఇంజిన్ దగ్గర వేడి ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి ఆ స్టార్ట్‌లో ఆర్‌పీఎం వెంటనే కనిపించాలి.